లేబుల్ లేని ఉప్పు

మా వంటింట్లో, కిటికీ పక్కన
ఆదివారం మధ్యాహ్నం

చిన్నోడికి,

ఉత్తరం చూసి గుండె జారిపోనివ్వకు. చేతిలో ఫోను పెట్టుకుని అక్కకు ఈ పాతకాలపు బుద్ధి ఎందుకు పుట్టిందా అనుకుంటావు. మాది రెండు గదుల ఇల్లు. నేను వంటింట్లో గుసగుసలాడినా ముందు గదిలో మీ బావకు వినిపిస్తుంది. ఆయన చెవిన పడకూడని సంగతి కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. నువ్వూ కాగితం మీదే జవాబివ్వు, అదీ ఇంటికి కాదు, యూనిఫారాలు కుట్టే మా షెడ్డుకు పంపు. మా సూపర్‌వైజరమ్మ ఒకళ్ళ ఉత్తరాలు తెరిచే మనిషి కాదు.

మీ బావ తిండి తినడం లేదు. అలిగి కాదు. అలిగితే నాకు తెలుస్తుంది, ఇన్నేళ్ళ అలవాటు. ఆ మధ్య డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చి బీపీ ఉందట, నూనె, ఉప్పు బాగా తగ్గించమన్నారట అని చెప్పారు. 'అట' అని ఎందుకు రాస్తున్నానంటే, నన్ను వెంట రానివ్వలేదు. బీపీకి కూడా ఊరేగింపు ఎందుకే అని ఒక్కరే వెళ్ళొచ్చారు. మాత్రలు మాత్రం వేళ తప్పకుండా వేసుకుంటున్నారు.

ఆ రోజు నుంచి నేను ఉడకబెట్టిన కూరలే పెడుతున్నాను. ఆయన కంచం ముందు కూర్చుంటారు, రెండు ముద్దలు కెలుకుతారు, ఆకలి లేదని లేస్తారు. బెల్టుకు కొత్త బెజ్జం పొడుచుకున్నారు. కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి కదా, పొడవడానికి ఇంట్లో పనిముట్లకు కొదవ లేదు. నిన్న చొక్కా విప్పుతుంటే వెనక నుంచి చూశాను. వీపు మీద ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు. నాకు భయం వేసింది చిన్నోడా.

ఒక్క సంగతి మాత్రం రోజూ అంటారు. మీ తమ్ముడి హోటల్లో ఎర్ర కూర ఉంటే నాలుగు రొట్టెలు తినేవాణ్ణి అని. నీకు గుర్తుందా, పెళ్ళైన కొత్తలో మమ్మల్ని ఆ హోటలుకు రమ్మన్నావు. నువ్వింకా లోపల గిన్నెలు తోముతున్నావు. ఆయన గిన్నె అడుగు వరకూ రొట్టెతో తుడుచుకుని తిని, ఈ గిన్నె తోమక్కర్లేదని మీ వాడికి చెప్పు అన్నారు.

ఆ కూర నూనె లేకుండా, క్రీము లేకుండా, ఉప్పు తగ్గించి ఇంట్లో చేసే దారి ఉంటే చెప్పు. లేదనకు. నాకు ఇంకేమీ వద్దు, ఆయన తింటే చాలు.

మీ అక్క

*

హోటల్ వెనక మెట్ల మీద
మధ్యాహ్నం వంటకూ రాత్రి వంటకూ మధ్య

అక్కా,

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టుంది నీ ఉత్తరం. బావ కోరిందీ ఎర్ర కూరే, నాకు చేతనైందీ అదొక్కటే. గ్రేవీ పొయ్యి దగ్గర నిలబడి నిలబడి నా చొక్కాలన్నీ అదే రంగు తిరిగాయి.

ముందు మా గుట్టు ఒకటి చెబుతాను, పెద్ద మాస్టరుకు తెలిస్తే నా చెయ్యి విరగ్గొడతాడు. మేం ఎవరి కూరా విడిగా వండం. పొద్దున్నే మూడు గుండిగలు పెడతాం. ఒకదాంట్లో ఉల్లి, ఒకదాంట్లో టమాటా, ఒకదాంట్లో జీడిపప్పు. ఆర్డరు రాగానే ఒక్కో గుండిగలోంచి ఒక్కో గరిటె తీసి కలుపుతాం. ఆ తర్వాత వెన్న, ఆ తర్వాత క్రీము, మళ్ళీ వెన్న. గుండిగలో ఉప్పుంటుంది, వెన్నలో ఉప్పుంటుంది, చివర్లో మాస్టరు చెయ్యి ఇంకోసారి ఉప్పు డబ్బాలోకి పోతుంది. తిన్నవాడు ఆహా అంటాడు, ఇంటికెళ్ళి చెంబెడు నీళ్ళు తాగుతాడు.

నువ్వు ఇలా చెయ్యి. ఉల్లిపాయల్ని నూనెలో వేయించకు. పెద్ద ముక్కలు కోసి పొడి పెనం మీద నల్ల మచ్చలు పడేదాకా కాల్చి రుబ్బు. టమాటాలు కూడా అలాగే కాల్చు. కాల్చిన గుజ్జును అడుగు మందం మూకుట్లో సన్న సెగ మీద దగ్గరపడేదాకా తిప్పుతూ ఉండు, ఎంత చిక్కబడితే అంత రుచి. ఆరు టమాటాలు నాలుగు చెంచాల ముద్ద కావాలి. క్రీముకు బదులు నానబెట్టిన జీడిపప్పు గుప్పెడు, మెత్తగా రుబ్బి వెయ్యి. మసాలాకు ఒక్క చెంచా నూనె చాలు, అందులోనే కారం వేసి వెంటనే నీళ్ళు చిలకరిస్తే రంగు ఎర్రగా దిగుతుంది. దించేముందు ఎండు మెంతాకు అరచేతిలో నలిపి వెయ్యి. చిట్టచివర వెన్న, గోరంత ముక్క, కూర లోపల కాదు పైన. లోపల వేసిన వెన్న కడుపుకే తెలుస్తుంది. పైన వేసింది కంటికి తెలుస్తుంది.

గిన్నె కూడా చిన్నదీ లోతైనదీ చూసుకో. మా దగ్గర అర్ధపావు కూర నిండు గిన్నెలా కనబడటానికి కారణం అదే. రుచుల జడ్జిగారు ఏం తీర్పిచ్చారో రాయి.

చిన్నోడు

*

షెడ్డులో, భోజనాల బల్ల దగ్గర

చిన్నోడికి,

రెండు రొట్టెలు! తర్వాత అన్నం కూడా కలుపుకున్నారు. నేను ఎదురుగా కూర్చుని తినకుండా చూస్తుంటే, ఏమిటే అలా చూస్తున్నావు, ఎగ్జిబిషన్లో జంతువునా అన్నారు. వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. సంతోషానికి కూడా ఇంత చాటు అవసరమా అనిపించింది.

అయితే తీర్పు పూర్తిగా మన పక్షం రాలేదు. రంగు ఉంది, వాసన ఉంది, ఆ హోటలు గేటు దాకా వచ్చింది కానీ లోపలికి రాలేదు అన్నారు. ఉప్పులేని లోటు పసిగట్టారు. నిమ్మరసం పిండి చూశాను, మాయ పనిచెయ్యలేదు. మూడో రోజు నేను నీళ్ళకు లేచి వచ్చేసరికి ఉప్పు డబ్బా మూత తీసి ఉంది. ఏమీ ఎరగనట్టు రొట్టె తుంచుతున్నారు. దొంగతనం చేసిన పిల్లాడిలా ఉన్న ఆ మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. కానీ ఆయనకు ఉప్పు పడదు కదా. తింటే ఒక భయం, తినకపోతే ఒక భయం.

మీ హోటలుకు వచ్చే పెద్దవాళ్ళ కోసం ఏదో వేరే ఉప్పు వాడతారని ఒకసారి అన్నావు. అది మంచిదేనా? మంచిదైతే కాస్త పంపు. కానీ ప్యాకెట్టుతో పంపకు. రోగుల ఉప్పు అని దాని మీద రాసి కనబడిందంటే ఆ రోజే కంచం తోసేస్తారు. నేను రోగిని కాను, నన్ను రోగిని చెయ్యొద్దు అనేది ఇప్పుడు ఆయన మంత్రం. మామూలు ఉప్పే అనుకుని తిననీ.

మీ అక్క

*

హోటల్ వెనక మెట్ల మీద

అక్కా,

పార్సెల్లో స్టీలు డబ్బా ఉంది చూడు. నా మొదటి జీతంతో కొన్న టీపొడి డబ్బా అది, బాగా కడిగి ఆరబెట్టి పోశాను. మామూలు ఉప్పులో బీపీకి పడనిది ఏదో అది ఇందులో సగమే ఉంటుందట. సరుకులు తెచ్చేవాడు చెప్పాడు, ప్యాకెట్టు మీదా అదే రాసి ఉంది. నువ్వు చెప్పినట్టు ప్యాకెట్టు చింపి పారేశాను. చూస్తే అచ్చం ఉప్పే. నాలుక మీద చివర్లో కాస్త చేదు తగులుతుంది కానీ కాల్చిన టమాటా దాన్ని మింగేస్తుంది.

ఇక్కడ ఒక తమాషా జరిగింది. నీకు రాసిన పద్ధతిలో నాకోసం ఓ గిన్నె వండుకుంటే ఓనరు వచ్చి వేలు పెట్టాడు. వారంలో గోడ మీద బోర్డు పెట్టించాడు, 'తేలిక కూరలు' అని. ఇప్పుడు పొద్దున నడకకెళ్ళే బూట్లతో వచ్చే వాళ్ళంతా అవే అడుగుతున్నారు. పెద్ద మాస్టరు మూతి ముడుచుకుని, గరిటె పట్టుకోవడం నేర్పితే నాకే వడ్డిస్తున్నావురా అన్నాడు. పైకి తిట్టు, లోపల మెప్పు. ఆయన మెప్పు ఎప్పుడూ అంతే.

బావకు పాలకూర కూడా పెట్టు. ఉడకబెట్టిన నీళ్ళు పారబొయ్యకు, సారమంతా అందులోనే ఉంటుంది, ఆ నీళ్ళతోనే గ్రేవీ పలచబరుచు.

చిన్నోడు

*

మా వంటింట్లో, కిటికీ పక్కన

చిన్నోడికి,

నీ చేతులకు బంగారు గాజులు తొడగాలి, తొడిగితే పెద్ద మాస్టరు నవ్వుతాడని ఆగాను.

హోటలు గేటు దాటి లోపలికి వచ్చాం. మొదటి ముద్దకే తలెత్తి నా వైపు చూశారు. ఉప్పు వేశావా అన్నారు. వేశాను, ఒక్క చిటికెడుకు మనిషి పోడులే అన్నాను. నవ్వారు. ఎన్నాళ్ళయింది ఆ నవ్వు చూసి. ఇప్పుడు రోజూ మధ్యాహ్నమే ఫోను చేసి రాత్రికి ఏం రంగు కూర అని అడుగుతున్నారు. ఒకరోజు ఎరుపు, ఒకరోజు పాలకూర ఆకుపచ్చ, ఒకరోజు జీడిపప్పు తెలుపు. సిగ్నల్ లైట్లలా నడుస్తోంది మా వంటిల్లు.

మా తొలి రోజుల్లోలా కబుర్లు కూడా చెబుతున్నారు. నా మిషను బాగుచెయ్యడానికి వచ్చి, దానికి ఏ జబ్బూ లేకపోయినా మూడుసార్లు విప్పి బిగించిన కథ మళ్ళీ చెప్పారు. ఈసారి కొత్తగా ఒక నిజం ఒప్పుకున్నారు. మూడోసారి స్క్రూ ఒకటి ఆయనే జేబులో వేసుకుపోయారట, నాలుగోసారి రావడానికి.

ఒకటి రెండు సంగతులు. కాళ్ళు బరువుగా ఉన్నాయంటున్నారు. చేతిలోంచి స్క్రూడ్రైవరు జారుతోందట. రోజంతా నేల మీద గొంతుక్కూర్చునే పని, వయసు కూడా వచ్చింది కదా. మొన్న తింటూ తింటూ ఆగి, ఇందులో టమాటాలు చాలా పడతాయా అని అడిగారు. ఆరు అన్నాను గొప్పగా. కాసేపు గిన్నెలోకి చూసి, బాగుందే అని గిన్నె తుడుచుకుని తిన్నారు. మెచ్చుకోవడానికి కూడా ఈ మనిషి ఇంత ఆలోచిస్తాడు చూడు.

మీ అక్క

*

హోటల్ వెనక మెట్ల మీద

అక్కా,

తొందరలో రాస్తున్నాను, ఉల్లి గుండిగ పొంగుతోంది. కాళ్ళ బరువు తిండి లేక వచ్చిన నీరసమే. ఇంకాస్త పుష్టిగా పెట్టు. జీడిపప్పు రెండు గుప్పెళ్ళు చెయ్యి. ఉప్పు గురించి భయపడకు, ఇది మామూలు ఉప్పు కాదు కదా, రుచికి ఓ చిటికెడు ఎక్కువే పడనియ్యి.

వచ్చే నెల నుంచి తేలిక కూరల పొయ్యికి నేనే మాస్టర్నట. నువ్వు, బావ ఒకసారి రండి. ఈసారి గిన్నెలు తోమేవాడిగా కాదు, తెల్ల టోపీ పెట్టుకుని బయటికొచ్చి వడ్డిస్తాను.

చిన్నోడు

*

ఆసుపత్రి వరండాలో

తమ్ముడికి,

ఫోను చెయ్యకు, ఎత్తను. మాట్లాడితే నా నోటి నుంచి ఏం వస్తుందో నాకు తెలియదు. రాస్తే కొట్టెయ్యవచ్చు.

మీ బావ తన రిపేరు దుకాణంలో పడిపోయారు. మిషను ముందు కూర్చున్నవారు అలాగే పక్కకు ఒరిగిపోయారట. గుండె లయ తప్పిందన్నారు. ఇక్కడికి తెచ్చాక ఏవేవో సూదులు వేసి, రక్తాన్ని మిషనుకు పెట్టి దారిలోకి తెచ్చారు. ప్రాణం ఉంది.

డాక్టరమ్మ నన్ను పిలిచి ఇంట్లో ఏం తింటున్నారని అడిగింది. నేను చెప్పాను. ఆరు టమాటాలు కాల్చి నాలుగు చెంచాల ముద్ద చేస్తానని, జీడిపప్పు రెండు గుప్పెళ్ళు రుబ్బుతానని, పాలకూర నీళ్ళు కూడా పారబొయ్యనని. నా తమ్ముడు పెద్ద హోటల్లో మాస్టరు, ఆరోగ్యంగా వండటం వాడే నేర్పాడని చెప్పాను. మామూలు ఉప్పు వాడను, బీపీకి మంచిదైన ఉప్పు వాడతానని కూడా చెప్పాను. మెచ్చుకుంటుందేమోనని ఆమె మొహం వైపు చూస్తూ చెప్పాను చిన్నోడా. ఆమె రాసుకోవడం ఆపేసింది.

బీపీ ఒక్కటే కాదట. ఏడాదిగా మూత్రపిండాలు పాడైపోతున్నాయట. అలాంటివాళ్ళకు మనం పెట్టినవన్నీ ఒకే విషమట. టమాటాలో, పాలకూరలో, జీడిపప్పులో ఉండేది వీళ్ళ ఒంట్లోంచి బయటికి పోదట, రక్తంలో పేరుకుని గుండెను ఆపుతుందట. ఆ ఉప్పయితే సగానికి సగం అదేనట. ఆయన మాత్రలు కూడా దాన్ని ఒంట్లోనే పట్టి ఉంచే రకమట. ఆ మధ్య ఒక్కరే వెళ్ళొచ్చినప్పుడే ఆయనకు అన్నీ చెప్పారట. టమాటా తగ్గించమనీ చెప్పారట.

ఆయనకు తెలుసు. నాకు తెలియదు. నేను వేసే ఉప్పు సంగతి నాకు తెలుసు, ఆయనకు తెలియదు. ఒకే గిన్నెలో వండి ఒకే కప్పు కింద తిన్నాం.

ఇంకేమీ రాయలేను.

*

మా గదిలో

అక్కా,

నీ ఉత్తరం సరుకుల గదిలో చదివాను. తర్వాత ఏం చేశానో సరిగా గుర్తులేదు. తేలిక కూరల పొయ్యి దగ్గరి ఉప్పు డబ్బా తీసి మోరీలో కుమ్మరించానని మిగతావాళ్ళు చెప్పారు. ఓనరు వచ్చాడు. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు తినకూడదని బోర్డు కింద రాయండి అన్నాను. ఇది హోటలా ఆసుపత్రా అన్నాడు. రాసేదాకా గరిటె పట్టను అన్నాను. నువ్వు పట్టకపోతే పట్టేవాళ్ళు లేరా అన్నాడు. ఉన్నారు. నన్ను ఉల్లిపాయలు కోసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఒకందుకు మంచిదే, ఇక్కడ కళ్ళ వెంట నీళ్ళు కారితే ఎందుకని ఎవరూ అడగరు.

అక్కా, నాకు రెండు ఉన్నాయి. ఒకటి చాలు. పరీక్షలు ఎక్కడ చేయించుకోవాలో డాక్టరమ్మను అడిగి రాయి, రేపే బయల్దేరతాను. బావకు చెప్పొద్దు, నేరుగా వస్తాను.

నన్ను ఏమన్నా అను. తిట్టు. ఊరికే ఉండకు.

చిన్నోడు

*

మా ఇంట్లో, ముందు గదిలో

చిన్నోడికి,

ఇంటికి తీసుకొచ్చాం. ఒక రోజు విడిచి ఒక రోజు రక్తం కడిగించుకోవడానికి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వెళ్ళొచ్చిన రోజు పిండిన బట్టలా పడుకుంటారు. గుండె బాగా దెబ్బతిందట, ఎప్పుడేమవుతుందో చెప్పలేమన్నారు. ఇప్పుడు తాగే నీళ్ళకు కూడా కొలత ఉంది.

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. బావకు చెప్పొద్దన్నావు. ఇంట్లో ఒకరికి చెప్పకుండా ఒకరం దాచుకున్నది చాలు. ఇంటి గుట్టు లంకకు చేటంటారు, మన ఇంట్లో గుట్టు దాచడమే చేటయింది.

ఎందుకు దాచారో అప్పుడు చెప్పారు, ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"కిడ్నీ అని నీకు చెబితే ఆ పూటే నీ తమ్ముడికి చెబుతావు. వాడు ఊరుకోడు, ఒకటి కోయించి చేతిలో పెడతాడు. వాడికింకా పెళ్ళి కూడా కాలేదు. నిలబడి చేసే పని వాడిది. అందుకే బీపీ అన్నాను."

మరి టమాటా వద్దన్నారుగా, ఎందుకు తిన్నారని అడిగాను. రెండు మూడు టమాటాలకు ఏమవుతుందిలే అనుకున్నారట. ఆరని తెలిశాక కూడా, నువ్వు ఎదురుగా కూర్చుని నా నోటి వైపు చూస్తుంటే వద్దని ఎలా చెప్పను అన్నారు.

నీ కిడ్నీ ఆయన తీసుకోరు. గుండె ఈ స్థితిలో ఉండగా ఆపరేషనుకు డాక్టర్లూ ఒప్పుకోరు. వాణ్ణి ఏమీ అనకు, వాడు వండటం నేర్చుకున్నదే నా మెప్పు కోసం అని చెప్పారు. నేను అనడం లేదు. అనకుండా ఉండటానికి నాకు రోజంతా పడుతోంది.

నిన్న ఆయనకు మళ్ళీ ఎర్ర కూర మీద మనసు పోయింది. అడగలేదు. గోడ వైపు తిరిగి, టమాటా లేకుండా ఆ రంగు వస్తుందా అన్నారు, తనలో తను అనుకున్నట్టు.

మీ అక్క

*

ఉల్లిపాయల బల్ల దగ్గర, అందరూ వెళ్ళాక

అక్కా,

వస్తుంది. పని ముగిశాక పెద్ద మాస్టరు తాళం నా చేతికిచ్చి ఏమీ అడగకుండా వెళ్ళిపోతున్నాడు. వంటగదిలో ఒక్కడినే చేసి చూశాను. ఎర్ర క్యాప్సికం కాల్చి పొట్టు తీసి రుబ్బితే ఆ రంగు వస్తుంది. దాన్ని కూడా ముందు చాలా నీళ్ళలో ఉడకబెట్టి, ఆ నీళ్ళు పూర్తిగా పారబొయ్యాలి. నేను పారబొయ్యకు అన్న నీళ్ళే అక్కా. పులుపుకు రెండు చుక్కల వెనిగర్. జీడిపప్పు వద్దు, కాస్త బియ్యప్పిండి కలిపిన నీళ్ళు చాలు. ఉప్పు ఏదీ వద్దు, అసలు వద్దు. వెల్లుల్లి, మెంతాకు ఘాటుతో నడిపించాలి. నా మాట నమ్మి వండకు. ఆసుపత్రిలో తిండి చెప్పే అమ్మ ఉంటుంది కదా, ఈ కాగితం ఆమెకు చూపించి, ఆమె సరేనంటేనే పొయ్యి వెలిగించు.

ఇప్పుడు ఇంకొకటి రాయాలి. ఇది రాయకుండా పై కాగితం ఒక్కటే మడిచి పంపేద్దామని రెండుసార్లు కవరు అంటించాను, రెండుసార్లూ విప్పాను.

ఆ ప్యాకెట్టు నేను చదివాను. వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉంది. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టరును అడగకుండా వాడకూడదని. చదివి, బావకు ఉన్నది బీపీయే కదా, ఏ మాత్రలో ఏమో, ఉప్పుకు కూడా డాక్టరేమిటి అనుకుని చింపేశాను. ఒక్క ఫోను చేసి మాత్రల పేరేమిటని అడిగితే అయిపోయేది. అప్పటికే నా తలలో తెల్ల టోపీ ఉంది.

బావ నా ఒళ్ళు కొయ్యనివ్వకూడదని దాచారు. ఆయన దాచింది ఎవరి కోసమో, ఆయనకు ఆ ఉప్పు పంపింది ఎవరో చూడు. ఇది నీకు తెలియకుండా నీ ఎదురుగా నిలబడలేను. తెలిశాక నిలబడనిస్తావో లేదో నీ ఇష్టం.

చిన్నోడు

*

మా వంటింట్లో

చిన్నోడికి,

నువ్వు వచ్చావు. ఉన్నన్ని రోజులూ గుమ్మం పక్కన నిలబడి నా మొహమే చూశావు. వచ్చిన చుట్టాలందరికీ నువ్వే నీళ్ళిచ్చావు, నువ్వే చెప్పులు సర్దావు. బావను మోసుకెళ్ళేటప్పుడు అందరికన్నా ముందు భుజం పెట్టావు. నేను ఒక్క మాట మాట్లాడలేదు. నీ ఉత్తరం చదివే మాట్లాడలేదని అనుకుని ఉంటావు. కాదు. అప్పటికది నాకు అందలేదు. నాకసలు ఎవరితోనూ మాటలు రాలేదు.

ఈ వారం షెడ్డుకు వెళ్తే సూపర్‌వైజరమ్మ సొరుగులోంచి తీసిచ్చింది. ఆయన పోయిన రోజు వచ్చిందట. సెలవులో ఉన్నానని దాచి ఉంచింది. నా మిషను ముందు కూర్చునే చదివాను. ఆయన స్క్రూ ఎత్తుకుపోయిన మిషను అదే.

క్యాప్సికం కూర ఆయన తినలేదు. టమాటా లేకుండా ఆ రంగు వస్తుందని ఆయనకు తెలియనే లేదు. అది నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధగా ఉంది. పిచ్చి బాధ అని తెలుసు.

నువ్వు చింపిన కాగితం సంగతి చదివి రెండు రోజులు నిన్ను నిజంగానే అసహ్యించుకున్నాను. అబద్ధం ఎందుకు రాయాలి. ఏడ్చి, తిట్టి, నీ పేరు పలకకూడదని కూడా అనుకున్నాను. తర్వాత నేను రాసిన ఉత్తరం గుర్తొచ్చింది. ప్యాకెట్టుతో పంపకు అన్నది నేను. లేబుల్ కనబడకూడదన్నది నేను. నువ్వు చింపకపోతే నేను చింపేదాన్ని, వెనక వైపు చదవను కూడా చదవను. ఆయన ఒకటి దాచారు, నేను ఒకటి దాచాను, నువ్వు ఒకటి దాచావు. ముగ్గురిలో ఎవరికీ ఎవరి మీదా ప్రేమ తక్కువ లేదు. అందుకే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తేలడం లేదు.

నీ స్టీలు డబ్బా కడిగి అలమారలో బోర్లించాను. పారెయ్యడానికి చెయ్యి రాలేదు, వాడటానికీ రాదు.

ఇప్పుడు నా సంగతి. సాయంత్రం షెడ్డు నుంచి వచ్చి ఒక్కదానికే వండుకుంటాను. పోపు వేస్తాను, ముక్కలు వేస్తాను, అన్నీ బాగానే సాగుతాయి. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. కొట్టు నుంచి మామూలు ఉప్పు పొట్లం తెచ్చుకున్నాను. దాని మీద పేరు ఉంది, వెనక చిన్న అక్షరాలు ఉన్నాయి, అన్నీ చదివాను. నాకు ఏ జబ్బూ లేదు, నేను తినవచ్చు. అయినా ఆ పొట్లం కత్తిరించలేకపోతున్నాను. ఆయన పోయిన దగ్గర్నుంచి చప్పిడి తిండే తింటున్నాను. రెండు ముద్దలు కెలికి లేస్తున్నాను. నిన్న చీర కుచ్చిళ్ళు రెండు ఎక్కువ పోయాల్సి వచ్చింది. అద్దంలో చూసుకుంటే నీకు మొదటి ఉత్తరం రాసిన రోజు గుర్తొచ్చింది, ఆయన వీపు గుర్తొచ్చింది.

సెలవు పెట్టి రా. ఏమీ తేవద్దు, పార్సెళ్ళూ వద్దు, కబుర్లు కూడా చెప్పక్కర్లేదు. నేను కూర వండి ఉంచుతాను. నువ్వు ఆ పొట్లం కత్తిరించి, నీ చేత్తో ఉప్పు వెయ్యి. ఎదురుగా కూర్చో. నేను తింటాను.

మీ అక్క